గుడ్లగూబ కక్కిన ఉండలు

టీ పళ్ళెంలో బిస్కెట్ల డబ్బా. డబ్బాలో గుడ్లగూబ కక్కిన ఉండలు. అందులో ఒక ఉండ తనిఖీ అధికారిణి వేళ్ళ మధ్య. ఆ వేళ్ళు నోటికి జానెడు దూరంలో. పోయిన వారం మనం ఊపిరి బిగబట్టుకుని వదిలేసింది సరిగ్గా ఇక్కడే.

ఇందులో బంట్రోతు టీ తాత తప్పేం లేదు. బిస్కెట్ల డబ్బా కనిపిస్తే లోపల బిస్కెట్లే ఉంటాయనుకోవడం లోకమంతా చేసే పనే. ఎముకల టీచరు తన సరుకంతా ఖాళీ బిస్కెట్ల డబ్బాల్లోనే దాస్తుందని ఆయనకెవరు చెప్పారు? పెద్ద మేడం వచ్చింది, టీ పెట్టాడు, బల్ల మీద డబ్బా కనిపించింది, పళ్ళెంలో పెట్టాడు. అంతే.

"అయ్యో, నోట్లో పెట్టుకోకండి మేడం!"

హెడ్మాస్టరు గది తలుపు గోడకి కొట్టుకునేలా తోసుకుని లోపలికి వచ్చిపడింది ఎముకల టీచరు. మోచేతుల దాకా సబ్బు నురగ.

అధికారిణి కళ్ళజోడు మీదుగా చూసింది. "ఏం? చక్కెర ఎక్కువా?"

"చక్కెర కాదండీ. ఎలుక."

ఉండ వేళ్ళలోంచి జారి టీ కప్పులో పడింది. బుడుంగుమని మునిగి, మళ్ళీ తేలింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. పూర్తిగా లేవాలో మళ్ళీ కూర్చోవాలో తేలక అలాగే గాల్లో ఉండిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషి ఉద్యోగమంతా ఆ భంగిమలోనే గడిచింది.

"ఏంటమ్మా ఇది?"

"గుడ్లగూబ ఎలుకని నమలదండీ. గుటుక్కున మింగేస్తుంది. మాంసం అరుగుతుంది, ఎముకలూ బొచ్చూ అరగవు. వాటిని లోపలే ఉండ చుట్టి బయటికి కక్కేస్తుంది. మూతబడ్డ పిండిమిల్లు అటక మీద ఒక జంట ఉంది. కింద నేల మీద నుంచి ఏరుకొస్తాను."

"అంటే వాంతి."

"వాంతే అనుకోండి. కానీ దాన్ని ఇంట్లో ఓవెన్లో గంటల తరబడి వేడి చేసి, క్రిమి కీటకం చచ్చాకే పిల్లల చేతికిస్తాను. మా ఆయన్ని అడగండి. దర్జీ పని ఆయనది, మిషను ముందు కూర్చుని రోజూ ఒకటే గోల: ‘ఈ ఓవెన్లో కేకు అనేది ఈ జన్మలో కాలుతుందా’ అని. ముందు గుడ్లగూబ కడుపు నిండాలి, తర్వాతే నీ కడుపు అని చెప్పాను."

అధికారిణి నవ్వలేదు. నవ్వడానికి వచ్చిన మనిషి కాదు. ఆవిడ చేతిసంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫిర్యాదు. రెండోది ఫారం. ఆ ఫారం అడుగున సంతకం పడిందా, ఎముకల టీచరు రేకు పెట్టె ఈ మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోతుంది. ఇంక ఈ బళ్ళోకే కాదు, ఏ బళ్ళోకీ రాదు.

అసలు ఈ ఎముకల టీచరెవరు? టీచరు పరీక్ష రాసిందా? లేదు. కాలేజీ మెట్లెక్కిందా? అదీ లేదు. జంతువుల మ్యూజియంలో పదిహేడేళ్ళు దుమ్ము దులిపింది. దులుపుతూ చూసింది, చూస్తూ అడిగింది. అక్కడి పెద్దాయన ఒకడు విసుక్కోకుండా చెప్పాడు. ఆయన పిట్టల పని చూసుకుంటుంటే రిజిస్టరు రాసిపెట్టింది కూడా ఈమే. ఆరేళ్ళ కిందట మ్యూజియానికి తాళం పడింది. పెద్దాయన ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. ఈమె మాత్రం పెట్టెడు ఎముకలు నెత్తిన పెట్టుకుని బళ్ళ వెంట పడింది. ఇలాంటి మనిషికి చదువు చెప్పే హక్కు ఉందా అని అడిగే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. పుస్తకంలో గుడ్లగూబ బొమ్మ చూపించి గుండ్రటి కళ్ళు అని బట్టీ పట్టించిన వాళ్ళని మాత్రం ఎవడూ హక్కు అడగడు. పోనీండి, కథలోకి వద్దాం.

"పిల్లల చేత పెంట కెలికిస్తోందని ఫిర్యాదు వస్తే నేను నమ్మలేదు," అంది అధికారిణి. "ఇప్పుడు నమ్ముతున్నాను. పదండి, క్లాసు చూస్తాను." లేస్తూ టీ కప్పుని సాసరుతో సహా చేతిలోకి తీసుకుంది.

"అది ఇటివ్వండి మేడం, పారబోస్తాను," అన్నాడు టీ తాత.

"వద్దు. ఇది సాక్ష్యం."

మూడో తరగతి గదిలో ఇరవై ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళెవరూ లేచి నిలబడలేదు. అగౌరవం కాదు, అసలు ఎవరూ చూడలేదు. బెంచీకి నలుగురు, నలుగురికీ ఒక పళ్ళెం, పళ్ళెంలో నానిన ఉండ. బిరడాలకి గుచ్చిన దర్జీ సూదులు, పాత టూత్‌బ్రష్షులు, నల్ల కాగితం మీద వరసగా అంటించిన ఎముకలు. కిటికీ గట్టు మీద మూడు సబ్బు బిళ్ళలు, ఒక బక్కెట్టు నీళ్ళు. బల్లకి దారంతో కట్టేసిన భూతద్దం ఒకటి. అందరూ నాలుకలు బయటపెట్టి మరీ పని చేస్తున్నారు.

"తలుపు వెయ్యండి మేడం, బొచ్చు ఎగిరిపోతోంది," అంది ముందు బెంచీలోంచి ఒక గొంతు. తల ఎత్తకుండానే.

లాయరమ్మ అది. ఎనిమిదేళ్ళ పిల్ల. మందుల షాపాయన కూతురు. మాటకి మాట అప్పజెబుతుందని క్లాసు పెట్టిన పేరు.

అధికారిణి తలుపు వేసింది. వేశాక, తనెందుకు వేసిందా అనుకున్నట్టు ఒక్క క్షణం తలుపు వంకే చూసింది.

గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక అట్ట: ‘కళ్ళతో చూసింది ఇంకుతో రాయాలి. అనుకున్నది పెన్సిల్‌తో రాయాలి.’ ఈ క్లాసుకి ఉన్న చట్టం అదొక్కటే. ముక్కు కారితే తుడుచుకోవాలన్న రూలు కూడా దాని తర్వాతే.

అధికారిణి ఒక నోటుపుస్తకం తీసి పైకే చదివింది.

"‘దవడ. నా చిటికెన వేలి గోరంత ఉంది. పళ్ళన్నీ మొనదేలి ఉన్నాయి.’ ఇది ఇంకు. ‘ఎలుక దవడ అని టీచర్ చెప్పారు.’ ఇది పెన్సిలు, కొట్టేశారు. కింద మళ్ళీ ఇంకు. ‘ఎలుక దవడలో ముందు పళ్ళకీ వెనక పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది. మేము పదకొండు దవడలు చూశాము. దీంట్లో ఖాళీ లేదు. ఇది చుంచుది. తప్పు మా టీచరుదే.’" ఆవిడ ఆగింది. "కింద సంతకం ఎవరిది?"

"నాదేనండీ," అంది ఎముకల టీచరు.

"మీరు తప్పు చెప్పారని మీరే సంతకం పెట్టారా?"

"చెప్పింది నేనే అయితే పెట్టేది ఎవరండీ? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే టీచర్లు వేరే ఉంటారు. నా కుందేలుకి నాలుగే. పెట్టెలో ఉంది, కావాలంటే లెక్కపెట్టుకోండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, ఆ గొంతునే మింగేశాడు.

"బాగుంది," అంది అధికారిణి. "అర్హత లేదు. చెప్పింది తప్పు. తప్పని పిల్లలే రాసిచ్చారు. మీరు సంతకం పెట్టారు. నాకు పనే మిగల్చలేదు మీరు." సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పరిచింది. పెన్ను మూత తీసింది.

ఎముకల టీచరు పోట్లాడలేదు. పోట్లాడ్డం రాక కాదు, ఆమె నోటికి నాలుగు వీధులు జడుస్తాయి. కానీ ఆ పుస్తకంలో ఉన్నది నిజం. నిజంతో పోట్లాడకూడదని పిల్లలకి చెప్పింది తనే. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతినే మళ్ళీ తుడుచుకుంది. పెట్టె మూత ఎక్కడుందా అని చూసింది.

"ఎందుకు ఆపుతున్నానో పిల్లలకి కూడా తెలియాలి," అంది అధికారిణి. ఫిర్యాదు కాగితం విప్పింది. "‘అయ్యా, నిన్న మా అమ్మాయి బడి సంచిలో, పెన్సిళ్ళ పెట్టెలో, దూదిలో చుట్టిన ఒక దవడ ఎముక దొరికింది...’"

"నా దవడ!"

లాయరమ్మ బెంచీ మీదికి ఎక్కేసింది. "అదే నా చుంచు దవడ! పొద్దున్నించీ వెతుకుతున్నాను! పోయిందనుకున్నాను!"

క్లాసు గొల్లుమంది. "దొరికింది! దవడ దొరికింది!" అని వెనక బెంచీ పాట కట్టింది. అప్పుడు తట్టింది లాయరమ్మకి. నవ్వు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అది మా నాన్న రాశారా?"

అధికారిణి కాగితం అడుగున సంతకం చూసి తలూపింది. ఆ పిల్ల మెల్లగా కిందికి దిగింది. ఎముకల టీచరు ఒక అడుగు ముందుకేసింది. ఫరవాలేదులే తల్లీ అందామని. ఈలోపే లాయరమ్మ ముక్కు ఎగబీల్చి, తిన్నగా అధికారిణి ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, తర్వాత ఏం రాశారు?"

"‘పిల్లల చేత పెంట కెలికిస్తున్నారు’ అని."

"ఇంకుతో రాశారా, పెన్సిల్‌తో రాశారా?"

"...ఇంకుతో."

"అది తప్పండీ. మా నాన్న దవడ చూశారు. దవడ ఇంకుతో రాయొచ్చు. కానీ ఆయన ఇక్కడికి రాలేదు, ఉండ చూడలేదు. పెంట అని అనుకున్నారు. అనుకున్నది పెన్సిల్‌తో రాయాలి." ఒక్క క్షణం ఆగి, ఫారం వంక చూసింది. "మీరు ఇప్పుడు రాయబోయేది మీరు చూసిందా అండీ, అనుకున్నదా?"

"ఏయ్! కూర్చో!" అన్నాడు హెడ్మాస్టరు. జీవితంలో మొదటిసారి పూర్తిగా నిలబడి.

"మీరు ఆగండి," అంది అధికారిణి.

పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఇరవై ఎనిమిది జతల కళ్ళు ఆ వెంట్రుకవాసి మీదే ఉన్నాయి. పిల్లలు బెదిరించడం లేదు, బతిమాలడం లేదు. వాళ్ళకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. అధికారులు తట్టుకోలేనిది ఈ లోకంలో ఇదొక్కటే.

"దీంట్లో చూడ్డానికేముంది," అంది ఆవిడ. గొంతులో ఇందాకటి పదును లేదు. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు."

"కొండ కాదండీ, ఉండ," అంది లాయరమ్మ. "ఎలుక కూడా కాకపోవచ్చు. విప్పితేనే కదా తెలిసేది?"

ఎముకల టీచరుకి నవ్వాగలేదు. పెదవి కొరుక్కుంటూ టీ కప్పు వంక చూపించింది. "మీది నానిపోయింది మేడం. మామూలుగా గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెడతాం. టీ అయినా నష్టం లేదు. విప్పుతారా?"

అధికారిణి గడియారం చూసుకుంది. ఫారం చూసింది. తర్వాత, నమ్మండి నమ్మకపోండి, ఆ పొట్టి బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

"సూది నిలబెట్టి పొడవకండి మేడం, పడుకోబెట్టి లాగండి."

"ఇలాగా?"

"అలా కాదు. నిదానం. నిద్రపోయే వాళ్ళ మీంచి దుప్పటి తీస్తున్నట్టు."

"ఊదకండి! ఊదితే పక్కటెముకలు ఎగిరిపోతాయి!"

"సరే, సరే. అరవకు."

బొచ్చు విడివడింది. ఒక సన్నటి ఎముక వచ్చింది. నల్ల కాగితం మీద పెట్టింది. ఇంకొకటి. జాకెట్టు చేతులు మోచేతుల దాకా మడిచింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, ఎగదోసుకోవడం మర్చిపోయింది. హెడ్మాస్టరు వెనకనుంచి వంగి చూడబోతే, "నీడ పడుతోంది, పక్కకి జరగండి," అని కసిరింది. వెనక బెంచీలన్నీ ముందుకొచ్చేశాయి. ఆవిడ భుజం మీద ఎవడిదో గడ్డం ఆనింది. ఆవిడకి తెలియనేలేదు.

"ఇది బొచ్చులా లేదే," అంది. "పుల్లల్లా ఉంది. మధ్యలో ఈనెలా..."

ఎముకల టీచరు వంగింది. సూదితో ఒక్కసారి పక్కకి జరిపింది. టీ రంగు పట్టిన చిన్న పుర్రె ఒకటి బయటపడింది. చింతగింజంత కూడా లేదు. దానికి ముందు, సన్నగా, మొనదేలి...

"ముక్కు!" అంది లాయరమ్మ ఊపిరి బిగబట్టి. "ఎలుక్కి ఇలాంటి ముక్కుంటుందా?"

"పిట్ట!" అన్నారు వెనకనుంచి.

"పిట్టే! పిట్ట దొరికింది!"

ఇప్పటిదాకా నలభై మూడు ఉండలు విప్పారు ఆ పిల్లలు. నలభై మూడింట్లోనూ ఎలుకలూ, చుంచులూ. నలభై నాలుగోది పిట్ట. ఆ గదిలో అప్పుడు రేగిన గోల చూడాలి. ఒకరిద్దరు బెంచీలెక్కారు. ఒకడు గంట కొట్టేస్తానని బయటికి పరిగెత్తబోతే టీ తాత తలుపు దగ్గర పట్టుకున్నాడు. మధ్యలో అధికారిణి, సూది పైకెత్తి పట్టుకుని, "నాకే దొరికింది! నా ఉండలో!" అంటోంది. ఎవరితో అంటోందో ఆవిడకే తెలియదు. చదువంటే ఇదయ్యా. చేతులు కట్టుకుని కూర్చున్న నిశ్శబ్దం కాదు.

గోల కాస్త సద్దుమణిగాక ఆవిడ కళ్ళజోడు ఎగదోసుకుంది. ఫారం తన వైపు లాక్కుంది. గది మళ్ళీ బిగుసుకుపోయింది. ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.

"ఎవరి దగ్గరైనా పెన్సిలుందా?"

ఇరవై ఎనిమిది పెన్సిళ్ళు గాల్లోకి లేచాయి.

చేతికందిన మొండి పెన్సిలు ఒకటి తీసుకుని ఫారం మీద రాసింది. ఎముకల టీచరు తలకిందులుగానే చదువుకుంది: ‘ఇంకా చూస్తున్నాను. వచ్చే గురువారం మళ్ళీ వస్తాను.’

"ఇది ఉంచుతున్నాననే మాట కాదు," అంది అధికారిణి. "ఆపుతున్నాననే మాటా కాదు."

"పెన్సిలు మాటండీ," అంది ఎముకల టీచరు. "అర్థమైంది." పెట్టె మూతని కాలితో బల్ల కిందికి తోసేసింది.

"మీ నాన్నని కూడా తీసుకురా గురువారం," అంది అధికారిణి లాయరమ్మతో. "ఆయనక్కూడా ఒక ఉండ ఇద్దాం."

"టీలో నానబెట్టిందా మేడం?"

ఈసారి ఆవిడ కూడా నవ్వింది.

ఆ నవ్వులోనే, మిగిలిన ఎముకలు బ్రష్షుతో తుడుస్తున్న లాయరమ్మ చెయ్యి ఆగింది. "టీచర్, ఈ కాలికి ఏదో ఉంది. ఎముక కాదు. గుండ్రంగా ఉంది. మెరుస్తోంది."

ఎముకల టీచరు భూతద్దం దారం లాగి వంగింది. పుల్లలాంటి ఆ కాలికి సన్నటి లోహపు ఉంగరం. పెసరగింజలో సగం కూడా ఉండదు. దాని మీద చిన్న నక్షత్రం, పక్కన అంకెలు.

ఆమె మొహం మారిపోయింది.

"ఏంటమ్మా అది?" అంది అధికారిణి.

"పిట్టలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో తెలియడానికి కాలికి ఉంగరం తొడిగి వదిలేస్తారండీ. ప్రతి ఉంగరానికీ ఒక నంబరు. ఈ నక్షత్రం మా మ్యూజియం గుర్తు. మా పెద్దాయన చేత్తో తొడిగేవారు, నేను రిజిస్టర్లో ఎక్కించేదాన్ని."

"అంటే మూతపడక ముందు తొడిగింది."

ఎముకల టీచరు తల అడ్డంగా ఊపింది. "నేను ఎక్కించిన ఆఖరి నంబరు నాలుగు వేల రెండు వందల పన్నెండు. ఆ సాయంత్రమే తాళం వేశారు. ఆ నంబరు నాకు నిద్రలో లేపినా గుర్తే. మిగిలిన ఉంగరాలు, డబ్బాతో సహా, పెద్దాయనతోనే పోయాయి." భూతద్దం లాయరమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు చదువు. నా కళ్ళు సరిగ్గా చూడ్డం లేదు."

లాయరమ్మ ఒక కన్ను మూసింది. "నాలుగు వేల... మూడు వందల... తొంభై."

గదిలో ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. అంకెలు సద్దుకోవడానికి కాస్త టైము పడుతుంది. తాళం పడ్డాక కూడా నూట డెబ్బై ఎనిమిది పిట్టల కాళ్ళకి ఉంగరాలు తొడిగిన చెయ్యి ఒకటుంది.

ఎముకల టీచరు నోటుపుస్తకం ముందుకి లాక్కుంది. నంబరు ఇంకుతో రాసింది. తర్వాత పెన్సిలు తీసుకుంది. అక్షరాలు ముత్యాల్లా పెట్టింది: ‘పెద్దాయన బతికే ఉన్నారు. ఇక్కడే, దగ్గర్లోనే ఉన్నారు.’

కప్పు కోసం వచ్చిన టీ తాత ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. పుస్తకం కాదు, ఉంగరం. చూసి, ఎత్తబోయిన కప్పుని మళ్ళీ సాసర్లో పెట్టేశాడు.

"ఇలాంటివి దారానికి దండలా గుచ్చి, ఒకాయన మెళ్ళో వేసుకుంటాడు," అన్నాడు.

"ఎవరు?" అన్నాయి రెండు గొంతులు ఒకేసారి. ఒకటి ఎముకల టీచరుది, ఒకటి అధికారిణిది.

టీ తాత ఆ పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు. "ముందు ఇది కొట్టెయ్యి తల్లీ," అన్నాడు. "ఇంకు సీసా తియ్యి. ఇవాళ పొద్దున్న ఆయన్ని నేను కళ్ళారా చూశాను."